ఖాళీ గళ్ళు

నలభై కేబీలు, అంతే.
సెల్‌ఫోన్ ఫోటోలో ఒక మూలకైనా చాలదు.
కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో
కరెంటున్న రాత్రులు కొంత, లేని రాత్రులు మనసులో కొంత
నేనే రాసుకున్నాను:
ఎవరు ఎన్ని కిలోలు ఒలిచారు,
గుండెంత, బద్దెంత, ముక్కెంత,
శనివారం చేతికెంత.

ఇన్‌స్టాల్ అక్కర్లేదు దానికి.
పెళ్ళికొచ్చిన మేనత్తలా
చాపేసినా సర్దుకుంటుంది, మంచమేసినా సర్దుకుంటుంది.
ఆఫీసులో ముసలి విండోస్ మీద నడిచింది.
ఇంట్లో, మేనల్లుడు లినక్స్ ఎక్కించి వదిలేసిన
మూత విరిగిన లాప్‌టాప్ మీదా నడిచింది.
పెన్‌డ్రైవ్ నా కొంగుముడిలో,
ఆటో చిల్లర పక్కన.

తుపాను వెళ్ళిన మూడోనాడు శనివారం.
ఆఫీసు రేకులు రోడ్డవతల తోటలో దొరికాయి.
కంప్యూటర్ని బోర్లిస్తే
చెంబుడు నీళ్ళు, ఒక వానపాము.

ఢిల్లేశ్వరరావు స్టూడియోలో జనరేటరుంది,
పెళ్ళి ఆల్బమ్‌లు చేసే పాత మాక్ ఉంది.
"ఇందులో మీది ఆడదమ్మా," అన్నాడు.
కొంగు విప్పాను.
ఆడింది!
కూడికలన్నీ ఒప్పు, పైసలతో సహా.
పేర్లే...
తెలుగు ముఖం ఎరగని మిషను,
పేరున్న చోటల్లా ఖాళీ గడి పక్కన ఖాళీ గడి.

గుమ్మంలో నలభై మంది ఆడవాళ్ళు,
జీడికి నల్లబడ్డ వేళ్ళు.
డబ్బు పంచాలంటే పేరు పిలవాలి.
ఎక్కడైనా నడుస్తుందని ఎంత చెప్పుకున్నాను!

తవిటమ్మ తెరలోకి తొంగిచూసింది.
వేలిముద్ర మనిషి.
"అచ్చరాలు నాకెప్పుడూ ఇలాగే అగుపిస్తాయి గదమ్మా,
ఇయ్యాల నీకూనా?"
నవ్వలేదు.
వేలు పెట్టి చూపించింది:
"ముప్పయ్యేడు కిలోల మీద పావు. ఇది నాది."

తర్వాత దాలమ్మ. తర్వాత నీలవేణి,
జ్వరంతో రాని అత్తది కూడా తనే.
గున్నమ్మకీ సుందరమ్మకీ ఒకే బరువొచ్చి
కాసేపు మాటామాటా అయింది.
"బద్ద నాకెక్కువే, పై గీత దాన్దే,"
అని సుందరమ్మే తేల్చేసింది.
చీకటి పడేలోగా
ఒక్క రూపాయి మిగల్లేదు, తగ్గలేదు.

ఆ రాత్రే ఫాంటుని కూడా లోపల కట్టేశాను.
నలభై కాస్తా మూడొందల కేబీలైంది.
సోమవారం తవిటమ్మని పిలిచి
"ఇదిగో, నీ పేరు," అని చూపించాను,
గుండ్రంగా, నల్లగా, తలకట్టుతో సహా.
దాన్ని దాటుకుని
కుడివైపుకి వెతికాయి ఆమె కళ్ళు.
"బాగుంది గానీ,
నా బరువేదమ్మా?"