వస్తువు వస్తువు

గ్రిమ్స్‌బీలో, బస్సు డిపో వెనక,
పోయిన సామాన్ల గది.
హంబర్ మీంచి వచ్చే గాలి
తలుపు కింది సందులోంచి
చేపల వాసనని లోపలికి తోస్తూ ఉంటుంది.

ముప్పై ఏళ్లుగా అక్కడ డోరీన్‌ది ఒకటే పని:
గొడుక్కి, ఒంటి చేతితొడుగుకి,
కట్టుడుపళ్ల డబ్బీకి, ఎవరిదో ట్రంపెట్‌కి
అట్టముక్క, దారం, ముడి.
ఆ ముడిని మార్చడానికి నన్ను పిలిచారు.

తెర మీద ఒక గడి గీశాను.
రెండక్షరాలు కొడితే చాలు
కిందికి జారుతుంది పేర్ల జాబితా:
నలుపు, తోలు, పిల్లలది, తడిసింది.
ఎంచుకున్నది చిన్న బిళ్లై కూర్చుంటుంది
చెవి దగ్గర ఇంటూ గుర్తుతో.
పొరపాటైతే నొక్కు, రాలిపోతుంది.
"నా మొదటి మొగుడికి ఉండాల్సింది ఇలాంటిది"
అంది డోరీన్.

బిళ్ల అంటే ఉత్త మాట కాదని ఆమెకి చెప్పలేదు.
పైకి ఒక పేరు, లోపల ఒక అంకె,
ఏ అరలోదో, ఏ రంగుదో,
అన్నీ మూటకట్టి పంపుతున్నాను.
గడికి మూట విప్పడం రాలేదు.
సోమవారం పొద్దున్నే ఫోను:
"అమ్మాయ్, నా గొడుగులన్నీ
ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్ అంటున్నాయి."

వస్తువు. వస్తువు.
నవ్వొచ్చింది, సగంలో ఆగింది.
అబద్ధమేం చెప్పింది పాపం?
ఎవరిదో తెలియని ఏ సామానైనా
అంతకు మించి ఏమవుతుంది?

ఒక్క లైనే మార్చాను:
పైకి చూపాల్సింది పేరని.

మధ్యాహ్నానికి ఇంకో చిక్కు.
'నలుపు' పక్కనే ఇంకో 'నలుపు'.
అదే పేరు, అదే అంకె, పొల్లు పోలేదు.
అయినా రెండూ ఒకటేనంటే
యంత్రం ఒప్పుకోదు.
లోపలేముందో దానికి అక్కర్లేదు,
ఎక్కడ పుట్టావన్నదే దాని లెక్క.
(తెలిసిన పద్ధతే.
ఈ దేశంలో చాలా కౌంటర్ల దగ్గర నిలబడ్డాను.)
అంకెలు పోల్చి చూడమని
చెవి మెలేసి నేర్పాను.

ఇక రామ్స్‌డెన్ సంగతి.
గురువారం గురువారం వస్తాడు,
ఒకప్పుడు ఐస్‌లాండ్ దాకా వెళ్లి వల వేసిన మనిషి.
ఆరో నంబరు బస్సులో
పొగాకు డబ్బా పోయిందట.
ఒకసారి నీలం అంటాడు, ఒకసారి ఆకుపచ్చ.
మూత మీద ఓడ ఉందన్నాడు,
పోయిన వారం అది కొంగ అయింది.
రేకు డబ్బా ఏది వచ్చినా
డోరీన్ పక్కన పెడుతుంది.

ఇప్పుడు గడిలో కొడుతోంది:
రామ్స్‌డెన్‌ది కావచ్చు.
జాబితాలో లేదు. ఎంటర్ నొక్కగానే
మాట ఆవిరైపోతోంది.
తొంభై రోజులు దాటితే
ఎవరి పేరూ పడని వస్తువు చెత్తబండికి.

కొత్త పేర్లు ఒప్పుకోవద్దని మేనేజరు హుకుం.
ఒప్పుకుంటే ఒకే పేరుని
తలో రకంగా రాస్తారట.
నిజమే.
అయినా ఆ రాత్రి కూర్చున్నాను.
జాబితాకి దొరకని మాటని పట్టుకుని
ముందూ వెనకా ఖాళీలు కత్తిరించి,
కొత్త అంకె ఇచ్చి, మూటకట్టి,
పళ్లెంలో బియ్యం పోసి
ఉంగరంతో రాయడం ఒక్కటే తక్కువ:
ఊరూ పేరూ లేని మాటకి బారసాల.

మేనేజరు అన్నంతా అయింది.
'రామ్స్‌డన్‌ది' అని ఒకటి,
'ముసలాయన డబ్బా' అని ఒకటి
జాబితాలో చేరాయి.
కలిపేయడం నిమిషం పని. కలపలేదు.

నిన్న డోరీన్ ఏడు డబ్బాలు
బల్ల మీద వరసగా పేర్చింది.
రామ్స్‌డెన్ ఒక్కొక్కటీ తెరిచి
కళ్లు మూసుకుని వాసన చూశాడు.
ఏదీ కాదన్నాడు.
వెళ్లబోయి, వెనక్కొచ్చి, నాలుగోది తీసి
"ఇదీ కాదు. కానీ మూత బిగువుగా ఉంది" అని
కోటు జేబులో వేసుకున్నాడు.

తెర మీద ఆ బిళ్ల.
చెవి దగ్గరి ఇంటూ మీద
డోరీన్ బాణం ఆగి ఉంది.
మిగతా ఆరూ ఏం చేద్దామన్నాను.
"వచ్చే గురువారం కూడా వస్తాడుగా"
అంది,
మౌస్ వదిలి టీకి నీళ్లు పెట్టడానికి లేచింది.