డెబ్బై అయిదు సెకన్లు

రాత్రి ఎవరూ అడక్కుండానే
కారు తనను తాను దిద్దుకుంది.
తెల్లారి తెర మీద ఒక్క ముక్క: అప్‌డేట్ పూర్తయింది.
ఏం పోయిందో చెప్పలేదు.

ఫారో దీవుల్లో డిసెంబరు.
మూడింటికే చీకటి. గాలికి గొర్రెలు కూడా ఏటవాలుగా నడుస్తాయి.
చేపల ఫ్యాక్టరీ నుంచి వచ్చి మార్యున్ కారుకు తాళం వేసింది;
మెట్లు సగం ఎక్కిందో లేదో
హెడ్‌లైట్లు ఆరిపోయాయి.
ముప్పై సెకన్లట! ఆ కార్లు చేసేవాళ్ల ఇళ్లన్నీ
రోడ్డుకి ఆనుకునే ఉంటాయి కాబోలు.

మర్నాడు నా షెడ్డుకొచ్చింది.
ల్యాప్‌టాప్ తీగ కారు డొక్కలో గుచ్చాను.
గొర్రెల కళ్లలో పడకుండా వంచిన కాంతి,
మలుపులో ముందే కొండ అంచును తడిమే పక్క దీపం,
ఒక్కొక్కటే వెతికి వెనక్కి తెచ్చాను.
"తాళం వేశాక ఎంతసేపు వెలగాలి?"
అంకె గుర్తులేదంది. నాకూ లేదు.
నూనె మరకల నోటు పుస్తకంలో దొరికింది, నా గిలుకుడు రాతలో:
మార్యున్, డెబ్బై అయిదు.

సాయంత్రం ఫోను.
"ట్రోందుర్, లెక్క తప్పావు.
ఇంకా నాలుగు మెట్లున్నాయనగా ఆరిపోయింది."

లెక్క తప్పలేదు.
ఆరేళ్ల కిందటి మోకాళ్ల లెక్క అది.

ఆ మాట అనలేదు నేను.
"పాత పుస్తకం కదా, తడిసి అంకె అలుక్కుపోయింది" అన్నాను.
వెళ్లి తొంభై పెట్టి,
ఆమె ఎక్కుతుంటే కింద కారు పక్కన నిలబడ్డాను.
పైన తలుపు గడియ పడిన చప్పుడయ్యాక కూడా
వాన చినుకులు ఆ వెలుగులో
కాసేపు కనబడ్డాయి.