పన్నెండేండ్ల ఫిల్ము

తెల్లని లైటు పెట్టె మీద నా నడుమును తగిలించినాడు డాక్టరు.
నాలుగు స్క్రూలు, రెండు కడ్డీలు.
పన్నెండేండ్లుగా ఒకే పక్క మీద పండుకున్నట్టు
కదలకుండా ఉండాయి.
"బాగా అతుక్కునిందప్పా" అన్నాడు.
నిడుజువ్వి గనిలో బండలెత్తినోణ్ణి,
అతుక్కోవడమంటే ఏందో నాకు తెలుసు.

అప్పట్లో నా లోకం
మిషను షెడ్డు నుంచి ఖాజా టీ బంకు దాకా.
అది దాటితే తొడల్లో సీసం కరిగించి పోసినట్టు,
పాదాలు ఇంకెవురివో అయిపోయేవి.
దారిలోనే కూకునేవాణ్ణి, వంగి, మోకాళ్ళు పట్టుకొని.
పోయేవాళ్ళంతా ఏం పోగొట్టుకున్న్యావని అడిగేవాళ్ళు.
సైకిలెక్కితే మాత్రం ప్రొద్దుటూరు దాకా తొక్కేవాణ్ణి,
హేండిలు మీదికి వంగినంతసేపు నొప్పుండేది కాదు.
నడవలేనోడు సైకిలెట్ల తొక్కుతాడు,
నాటకాలాడతాండాడు అన్నాడు మేస్త్రి.
మా మాబున్నీ కూడా ఒక పొద్దు నమ్మలే.

నరాలు పోయే సందు ఇరుకైందన్నారు కడపలో.
ఇరుకును తొలిచినారు, సడలినదాన్ని బిగించినారు.
మూడో దినం వాకరు పట్టుకొని వరండాలో
పదకొండు గచ్చుబండలు దాటినా.
లెక్కపెట్టినా. అవీ మా ఊరి బండలే,
ఏదో ఒకటి నేనెత్తిందే అయ్యుంటాది.

ఆ తర్వాత ఏమైందని ఎవురూ అడగరు.
ఆపరేషను దాకానే కథ అందరికీ.

సంతకు నడిచిపోయినా, నడిచొచ్చినా.
ఆ సోమారం మాబున్నీ
వంకాయలు బేరమాడడం మరిచిపోయింది.
బండలు ఎత్తొద్దన్నారు గాబట్టి
షెడ్డులో చీటీలు రాసే పని, కూలి సగం.
కిందపడిన రూపాయి బిళ్ళను
కాలివేళ్ళతో పట్టుకోవడం నేర్చుకున్న్యా.
మసీదులో ఆఖరు వరసలో నాదో ప్లాస్టిక్ కుర్చీ,
పన్నెండేండ్లుగా నా నుదురు నేలను తాకలే.
మనసు వంగితే చాలంటాడు ఇమాం సాబ్.
మనసుకేం, దానికి స్క్రూలు లేవు.
చలికాలం తెల్లారుజామున
ఇనుము నాకంటే ముందు మేలుకుంటాది.
ఎడమ బొటనేలు ఇప్పటికీ మొద్దే,
చెప్పు జారిపోయిందని వెనకొచ్చేవాళ్ళు చెప్పాల.

ఇప్పుడు డాక్టరు పెన్ను మొన కొంచెం పైకి జరిగింది.
"ఈ పొర అరుగుతాంది. కింద బిగించినాం గదా,
ఆ కదలికంతా దీనిమీద పడతాంది."
చిన్నోడు. కొత్తగా వచ్చినట్టుండాడు.
నా మొగం చూడకుండా ఫిల్ముతో మాట్లాడతాండాడు.

నాకు నవ్వొచ్చింది.
మా పనిలో మొదటి పాఠమే అది నాయనా.
ఒక బండను సిమెంటు పోసి బిగిస్తే
పగులు దాన్ని వదిలేసి పక్కదాన్ని ఎతుక్కుంటాది.
పరిచిన దినం చూస్తే ఏ గచ్చయినా నున్నగానే ఉంటాది,
పరిచినోడు పదేండ్లకు పోయి చూసుకోవాల.

"మళ్ళా కోయాల్నా?"
"ఎంత దూరం నడుస్తాండావు?"
ఎర్రగుంట్ల స్టేషను నుంచి ఇంటికి.
మద్దెలో ఎన్నిసార్లు కూకుంటావన్నాడు.
ఒకసారి.
పోయినేడు?
కూకోలే.
రాసుకున్నాడు.
ఆర్నెల్లకు మళ్ళా రమ్మన్నాడు.

ఆ ఒకసారి ఖాజా బంకు దగ్గరే.
రెండు ఇటికెల వరసల మీద పెట్టిన నల్లబండ,
మధ్యాన్నం దాకా చల్లగుంటాది.
కాళ్ళు మళ్ళా నావయ్యేదాకా దాని మీద కూకుంటా.
టీ తాగుతా.
చీటీల పుస్తకం వెనకట్ట మీద
నేనూ రాసుకుంటాండా,
తేదీ వేసి, పక్కన
ఒకటి.