కొసరు

మాణిక్యాంబత్త తిథి ఈసారి మంగళవారం పడింది.
ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి
కళ్ళు మండుతుండగానే సరుకులు సర్దాను:
బియ్యం, పెసరపప్పు, కంద ముక్క,
అరటికాయలు రెండు, చిన్న సీసాలో నెయ్యి.
స్వయంపాకం పట్టేవాళ్ళు సండర్లాండ్‌లో ఎక్కడ దొరుకుతారు?
చర్చి వెనక హాల్లో ఫుడ్‌బ్యాంక్ ఉంది.

బల్ల వెనక మోరీన్ కళ్ళజోడు పైకి తోసి
"విడి సరుకు తీసుకోం తల్లీ,
సీలుండాలి, తేదీ ఉండాలి" అంది.
పితృదేవతలకి ఎక్స్‌పైరీ డేట్!
నవ్వుకుంటూ వానలో మళ్ళీ కొట్టుకి పరిగెత్తాను.
ధార పోయడానికి చెంబు తేలేదే అనుకున్నా గానీ
ఈ ఊళ్ళో ఆ లోటు లేదు.

అత్త తవ్వతో కొలిచేది.
అరచేత్తో తల తీసి, సరిగ్గా పోసి,
ఆపైన పిడికెడు.
"కొలిచినంతా లెక్కేనే. కొసరే దానం."
ఇంకోటి కూడా చెప్పేది:
"ఇచ్చేప్పుడు మొహం చూడకు, చేతులు చూడు.
మొహం చూస్తే వాళ్ళకి సిగ్గు, నీకు పొగరు."

అందుకని చేతులే చూశాను.
చీటీలు పట్టుకున్న చేతులు.
ఒంటరి మనిషికి ఎన్ని డబ్బాలో,
నలుగురున్న ఇంటికి ఎన్నో
ఆ చీటీలో రాసి ఉంటుంది.
ఒక చేతికి రెండు వేళ్ళు లేవు,
ఓడలు కట్టిన రోజుల్లో పోయాయి కాబోలు.
ఆ చెయ్యి సంచీ నింపుకుంది,
గుమ్మం దాకా వెళ్ళింది,
ఆగింది,
వెనక్కొచ్చింది.
బిస్కెట్ల పొట్లం తీసి బల్ల మీద పెట్టి
"వెనకామెకి పిల్లలున్నట్టున్నారు" అని
గోడతో చెప్పినట్టు చెప్పి
వానలోకి వెళ్ళిపోయింది.

నేనాయన మొహం చూడలేదు.
ఆయన ఎవరి మొహమూ చూడలేదు.

ఎవరు పాత్రులో ఎవరు కారో ఎంచుకుంటూ,
రెండు సంచుల పుణ్యానికి పద్దు రాసుకుంటూ వచ్చినదాన్ని.
నాది తూకం.
కొసరు ఆయనది.

బస్సులో గుర్తొచ్చింది, 'న మమ' అనడం మర్చిపోయానని.
నాది కాదు, నాది కాదు.
అనకుండానే నిజమైపోయింది మాట.

ఇంటికొచ్చి, వాళ్ళు వద్దన్న విడి బియ్యం
నేనే వండుకున్నాను.
కంద కాస్త దురద పెట్టింది.
తినే ముందు ఎందుకో
రెండు చేతులూ చాపి కూర్చున్నాను,
ఎవరో వడ్డిస్తున్నట్టు.
పుచ్చుకోవడం నాకింకా సరిగా రాదు.