ముందు రెండోది

"పెరుగన్నం తినీసి పప్పులోకొచ్చినట్టుంది నీ యవ్వారం"
అన్నాడు మా ల్యాబ్‌లో రక్తం తీసే తవిటిరాజు.
రెండో భాగం పూర్తి చేశానంటే
మెచ్చుకుంటాడనుకున్నాను.
మర్నాడు టిఫిను డబ్బా మూతలో పెట్టి
గీతలు పడ్డ సీడీ ఇచ్చాడు, మొదటిది.
"ఓపికుంటే ఆడు. నేకపోతే ఇంకో గీత పడకుండా ఇచ్చీ."

నెల్లిమర్లలో ఆదివారం. కరెంటు పోయి వచ్చింది.
నా ల్యాప్‌టాప్‌కి సీడీ తినే నోరే లేదు.
కింది వాటా పోలినాయుడు గారి దగ్గర అరువు తెచ్చిన డ్రైవు
పిండిమర లాగ గురగురలాడి
ఒక ఊరిని బయటికి కక్కింది.

మనుషులకి మొహాల్లేవు.
రెండు చుక్కలు కళ్ళు, ఒకటి ముక్కు, ఇంకోటి అనుమానం.
ఏట్లో ఒకే ఒక్క అల,
నేను చూసినప్పుడల్లా మొదటి నుంచి మొదలవుతుంది.

రెండో దాంట్లో నేల మీదే వెలుగు గీత ఉండేది,
రాక్షసుడి గుమ్మం దాకా ఆవలిస్తూ పోయేదాన్ని.
ఇక్కడ ఒక ముసలాయన
"తూర్పుకెళ్ళు, విరిగిన తిరగలి దగ్గర అడుగు" అన్నాడు.
మళ్ళీ అడిగితే మళ్ళీ అదే,
మా జంక్షన్లో దారి చెప్పేవాళ్ళ లాగే:
"ఇక్కడే కదా, ఆ ఎదరే."
గ్యాసు పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను,
తిరగలి. ఎడమ. మూడు రాళ్ళు. కుక్క, కరవదు.

పరిగెత్తడం రాదు ఈ వీరుడికి.
చంపావతి వంతెన మీద ఎదురుగాలికి సైకిలు తొక్కినట్టు నడుస్తాడు.
మొదటి గబ్బిలమే చంపేసింది. రెండోసారీ అదే గబ్బిలం.
చివరి రాజుని పదకొండు నిమిషాల్లో పడగొట్టిన నన్ను!
సేవ్ దానంతటదే అవుతుందనుకున్నాను. కాలేదు.
రెండు గంటలు గాలికి పోయాయి.
సీడీ తీసి మూతలో పెట్టేశాను.
అన్నం తిన్నాను.
చెయ్యి తడారకుండానే మళ్ళీ పెట్టాను.

అర్ధరాత్రి దాటాక రేవూరు వచ్చింది.
ఆ ఊరు నాకు తెలుసు.
రెండో భాగంలో అది బూడిద. బూడిద మధ్య బావి,
బావి మీద గంట, గంట కింద పేరు చెరిగిన రాయి.
చివరి అక్షరం ఒక్కటే మిగిలింది, 'రా' అని.
ఎవరినో పిలుస్తోంది అనుకుని
నిధి ఉంటుందేమోనని చుట్టూ కెలికి వెళ్ళిపోయాను.

ఇప్పుడదే బావి దగ్గర నీళ్ళు తోడుతున్నారు.
కోళ్ళు. తాడు మీద ఎండు చేపలు,
చేపలే అనుకుంటాను, నాలుగు గీతలు.
గంట కొడుతూ ఒక పిల్ల
"కొత్తవాడివా? ఉప్పు తెచ్చిపెడతావా?" అంది.
తల మీద పేరు: నేరా.

నాకు మూడు జవాబులిచ్చారు.
తెస్తాను.
తేను.
ఎంతిస్తావు?
వానాకాలం లోపు ఊరొదిలి పొండర్రా
అన్నది ఎంత కిందికి జరిపినా లేదు.

మూడు లాంతర్ల దగ్గర మా కౌంటర్లోనూ అంతే.
రిపోర్టు ముందు నేనే టైపు చేస్తాను.
బెంచీ మీద పల్లీలు ఒలుచుకుంటున్న మనిషి
"ఏటమ్మా, బాగానే ఉందా?" అంటే
డాక్టరు గారికి చూపించండి,
బిల్లు కట్టారా,
తర్వాత ఎవరు?
కాగితం నాలుగు మడతలు పెట్టి ఇస్తాను.
మూడు మడతలు చాలు.

ఉప్పు తెచ్చాను.
ఆ పిల్ల "మంచోడివి" అంది, ఐదు నాణేలిచ్చింది.
పని అయిపోయింది, ముసలాయన ఉత్తరానికి పొమ్మంటున్నాడు.
యుద్ధం అటే ఉంది, కథా అటే ఉంది.

వారం తర్వాత సూది పారేస్తూ తవిటిరాజు అడిగాడు:
"ఎంతదాకా వచ్చినావు?"
"రేవూరు."
"ఇంకా అక్కడేటి సేస్తన్నావు?"
"ఉప్పు మోస్తన్నాను."
"ఒక్క మూటే కదా అడుగుతాది."
"అవును" అన్నాను.