అరవై గుర్రాలకు నూట ఇరవై కళ్ళు

కొండలో తగరం అయిపోయింది.
లెబ్రెహ్ట్ తాత గనిలోకి దిగాడు, తండ్రీ దిగాడు.
లెబ్రెహ్ట్ మాత్రం పైనే, వాగు నీళ్ళు తిప్పే తరిమెన ముందు
నిలబడ్డాడు.
సాక్సనీ అంచున, ఆర్నెల్లు మంచు కప్పుకునే ఊరది.
మిగిలింది చెట్లే.

నానబెట్టిన స్ప్రూస్ దుంగ.
ఉలి ఆనిస్తే చాలు
పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి గడ్డంలో చిక్కుకుంటుంది.
ఇక్కడొక గాడి, అక్కడొక గుంత,
తిరగేసి ఇంకో ఒంపు.
చూసేవాడికి అదొక పెద్ద గారె, అంతే.
లోపలేముందో అతనికీ కనపడదు,
వేళ్ళతో వింటాడు.

అప్పుడు కత్తి నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ.
తొన ఊడింది.
తొన కాదు, గుర్రం!
మెడ, తోక, కడుపు కింద కాస్త వెలుతురు.
దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన ఇంకోటి,
అరవై గుర్రాలు
డొక్కలు ఆనించుకుని
ఇన్నేళ్ళూ చెట్టులో నిలబడే ఉన్నాయి.

రాత్రి బల్ల చుట్టూ ఇల్లంతా.
ఒట్టీలీ చెవులు చెక్కుతుంది.
ట్రౌగోట్ గోధుమరంగు పూస్తాడు, వాడికి తొమ్మిదేళ్ళు.
కళ్ళు పెట్టేది సెల్మా.
ఆరేళ్ళ చెయ్యి సన్నగా ఉంటుంది కదా,
చుక్కకి సరిగ్గా సరిపోతుంది.

చుక్క పెద్దదైతే గుర్రం బెదిరినట్టుంటుంది.
చిన్నదైతే నిద్రపోతున్నట్టుంటుంది.
కుంచె నాలుక మీద తడి చెయ్యకే అంటుంది అమ్మ.
చేస్తుంది.

ఒకసారి పాదిరిగారు వచ్చి
"ఎన్ని బొమ్మలమ్మా నీకు! ఏం ఆడతావు వీటితో?" అన్నాడు.
సెల్మాకి ప్రశ్న అర్థం కాలేదు.
గుర్రం అంటే అరవైకింత.
ఆట వేరే ఉంది:
పొట్టు చుట్టలు రెండు ఏరి
చెవులకు తగిలించుకుని తల ఊపడం.

ఆ శనివారానికి పది అరవైలు కావాలన్నాడు షావుకారు.
శుక్రవారం రాత్రి, చివరి గుర్రం.
ఎడమ కన్ను బాగానే పెట్టింది.
కుడి కన్ను దగ్గర తల వాలింది,
కుంచె అలా తాకీ తాకనట్టు తాకింది.
షావుకారు లెక్కపెట్టుకున్నాడు. కళ్ళు చూడలేదు.

బ్రిస్టల్‌లో ఏంబ్రోస్ అనే పిల్లాడు జ్వరంతో పడుకున్నాడు.
ఎవరో దిండు పక్కన గుర్రం పెట్టి వెళ్ళారు.
ఇటు చూశాడు, అటు తిప్పి చూశాడు,
చాలాసేపు ఏమీ అనలేదు.
ఆ రోజు నుంచీ
తెల్లారితే ఎడమవైపు తిప్పేవాడు,
దీపం ఆర్పేముందు కుడివైపు.
"ష్, పడుకుంది" అనేవాడు నర్సుతో.
ఆ ఆట అతనికెవరూ నేర్పలేదు.

ఇక్కడ తెల్లారింది.
పొయ్యి అంటించడానికి నేలంతా ఊడ్చి
పొట్టు దోసిళ్ళతో లోపలేసింది ఒట్టీలీ.
సెల్మా లేచి, కళ్ళు నులుముకుని,
చెవులు తడుముకుంది.