ఎర్తింగు

మేం దాన్ని బీరువా అంటాం.
పేరు నేనే పెట్టాను. ఇప్పుడు డండీలో
ముగ్గురు స్కాట్లాండు వాళ్ళు నోరారా బీరువా అంటారు,
"రు" దగ్గర నాలుకని ఇంకో రెండు చుట్లు తిప్పి.
ఎనిమిది స్పీకర్లు, డెబ్బై కిలోలు,
చక్రాలు ఏ కాలంలోనో ఊడిపోయాయి.

పెర్త్ రోడ్డు పబ్బులో స్టేజీ మేడమీద.
పంతొమ్మిది మెట్లు, పదకొండో దాని దగ్గర మలుపు.
ఫెర్గస్ కింద, నేను పైన.
కిందివాళ్ళది బరువు, పైవాళ్ళది మాట:
నీ వైపు, ఇంకాస్త నీ వైపు, ఆగు, నా వేలు.
పన్నెండేళ్ళలో ఒక్కసారే జారింది.
గోడకి పడ్డ గుంటకి
పబ్బు నడిపే ఐల్సా పటం కట్టించింది.

బేసు గిటారు మొదట నాది కాదు.
ఆర్బ్రోత్‌లో, చేపలు పొగబెట్టే వీధిలో
ఒక పెద్దావిడ అమ్మింది. నూట ఎనభై పౌండ్లు.
బేరమాడబోతే టీ ఇచ్చింది.
ఇంకేం ఆడతాం.
పెట్టె తెరిస్తే ఇప్పటికీ పొగచేప వాసన,
వాన పడ్డ రోజున మరీనూ,
అంటే రోజూ.
ముంజేయి ఆనేచోట రంగు పోయి చెక్క తేలింది,
అది శాండీ గారి ముంజేయి, ముప్పై ఏళ్ళది.
నా చెయ్యి కాస్త పొట్టి.
ఆ అరుగుదలకి జానెడు ఇవతల
ఇంకొకటి మొదలైంది, చిన్నది.

పెట్టె జేబులో ఆయన పాటల జాబితా.
పద్నాలుగు పాటలు, తొమ్మిదోది కొట్టేసి ఉంది.
ఏ బాధో, ఏ జ్ఞాపకమో అని
రెండు వారాలు ఊహించుకుని
చివరికి ఆవిడకి ఫోన్ చేశాను.
"అదా, అది ఆయనకెప్పుడూ వచ్చేది కాదు" అంది.

పగలు నేను కట్టుడుపళ్ళు పోస్తాను.
మూడో పాటకి జనం నోరు తెరిచి నవ్వితే
నా పనితనం కొంత అక్కడక్కడా మెరుస్తుంది.
రాత్రి, మోరాగ్ కాలు డ్రమ్మును తన్నిన చోటే
నా వేలు పడాలి. సరిగ్గా అక్కడే కాదు,
ఒక్క వెంట్రుకవాసి వెనక,
అన్నం వెనకే వచ్చే నేతిగిన్నెలా.
ముందొస్తే విస్తట్లో ఏముందని పోస్తావు?
ఈ సంగతి ముందువరసలో ఎవరికీ తెలీదు.
వాళ్ళు పాడే రోనాని చూస్తారు. చూడనీ.
వాళ్ళ మోకాళ్ళు మాత్రం నా మాటే వింటాయి.

దీనికో రోగం ఉంది.
ఆంప్ వెయ్యగానే జుమ్మని రొద,
గోడ వెనక తేనెపట్టేదో ఉన్నట్టు.
తీగల మీద అరచెయ్యి వేస్తే ఆగుతుంది,
తీస్తే మళ్ళీ.
ఏడ్చే బిడ్డని ఊరుకోబెట్టినట్టు
ఇన్నేళ్ళూ నేనే దాన్ని ఊరుకోబెడుతున్నాననుకున్నాను.
మొన్న మరమ్మతు కుర్రాడు మూత విప్పి చూసి చెప్పాడు:
గాలిలో రొదని పోగుచేసేది సగం మీ ఒళ్ళేనండీ.
తీగ ముట్టుకున్నప్పుడు
ఎర్తు అందేది మీకు.

బాగుచెయ్యనా అన్నాడు.
వద్దన్నాను.

ఇవాళ బీరువాకి ఆఖరి రాత్రి.
ఫెర్గస్ మోకాలికి మంగళవారం ఆపరేషన్.
కొత్త పెట్టె వచ్చింది, తొమ్మిది కిలోలు,
ఒంటి చేత్తో పట్టుకెళ్ళొచ్చు, కూరలసంచీలా.
దాని మోత కూడా బాగుంది.
బాగుందనే ఎవరూ ఏమీ అనలేదు.
ఫోర్‌ఫార్ కుర్రాడొకడు పాతదాన్ని కొన్నాడు,
వాళ్ళమ్మ కారు తెచ్చాడు.
పట్టదని చూడగానే తెలిసింది. వాడికింకా తెలీదు.

తీగలు చుట్టేశాం. లైట్లు వేశారు.
ఫెర్గస్ అలవాటుగా కింది మెట్టుకి దిగబోతే
భుజం పట్టి ఆపాను.
ఈసారి నేను కింద.

మొదటి మెట్టులోనే అర్థమైంది
పన్నెండేళ్ళు నేనెంత మాట్లాడానో.
పదకొండో దాని దగ్గర
పైనుంచి ఫెర్గస్ మెల్లిగా అన్నాడు,
నీ వైపు.
ఇంకాస్త.

కింద ఎవరైనా
ఆ తలుపు తెరిచి పట్టుకోండి.